నీటి పద్దు

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చదువబడిన ఉపన్యాసము)



మహాభారతమున సభాపర్వమందు ఒక ఘట్టము కలదు. మయసభలో కొలువుదీరిన ధర్మరాజును చూచుటకు నారదుడు వచ్చెను. కుశలప్రశ్నల మిషతో రాజధర్మమునంతయు పరీక్షించెను. కోశమును గూర్చి అడిగెను. సేనల జీతములను గూర్చి అడిగెను. ఆ వరుసలోనే రాజ్యమున పెద్దచెరువులు తగిన తావులలో త్రవ్వబడి నిండియున్నవా యనియు, సేద్యము వానమీదనే ఆధారపడి యుండలేదు గదా యనియు అడిగెను. ఈ యేడు వాన కురిసినదా యని ఆ ముని అడుగలేదు. వాన కురియుట దైవాధీనము. కురిసిన దానిని నిలుపుటయు, నిలిపిన దానిని న్యాయముగా పంచుటయు మనుష్యాధీనములు. పాలకుని అడుగదగినది మనుష్యాధీనమైన దానిని గూర్చియే.

నేడు రాజులు లేరు. నారదుడు ఈనాడు ఈ దేశమునకు వచ్చినచో ఆ ప్రశ్న ఎవరిని అడుగును? రాజధానిలోని మంత్రిని అడుగవచ్చును. జిల్లా అధికారిని అడుగవచ్చును. అయినను ఒక్కొక్క ఊరి నీటి సంగతి తెలిసికొనవలె నన్నచో గ్రామపంచాయతి కార్యాలయము మెట్లు ఎక్కక తప్పదు. అక్కడ ఆ ప్రశ్నకు సమాధానము చెప్పగల పద్దుపుస్తకము ఉండవలెనని చెప్పుటయే ఈ ఉపన్యాసము ఉద్దేశము.

వాతావరణము మారుచున్నదను మాట నేడు అందరి నోటను వినబడుచున్నది. దానిని కొలిచి చూచిన శాస్త్రజ్ఞుల లెక్క యిది. 1850-1900 నడిమి కాలముతో పోల్చగా 2011-2020 దశాబ్దమున భూగోళపు సగటు వేడిమి 1.1 డిగ్రీ సెంటీగ్రేడు హెచ్చినది. భారతదేశమున 1901 నుండి 2018 వరకు సుమారు 0.7 డిగ్రీ హెచ్చినది. బొగ్గు, చమురు మొదలగువానిని యంత్రములకొరకు కాల్చగా వచ్చిన వాయువులు భూమికి కంబళి కప్పినట్లు వేడిని పట్టియుంచుటయే దీనికి ముఖ్యకారణము.

ఒక డిగ్రీ ఏపాటి యని కొందరు తలంతురు. గాలి వేడెక్కినకొలది హెచ్చు ఆవిరిని మోయగలదు. డిగ్రీకి నూటికి 7 పాళ్ళు హెచ్చని శాస్త్రము. దట్టమైన గుడ్డ ఎక్కువ నీరు పీల్చుకొని, పిండినపుడు ఒక్కసారిగా కార్చును గదా! వేడెక్కిన గాలియు అట్లే. అది నేలలోని తడిని హెచ్చుగా లాగును. కురిసినపుడు కుండపోతగా కురియును. మధ్యభారతమున ఒక్కరోజులో 150 మిల్లీమీటర్లకు మించి కురియు వానలు 1950 నుండి 2015 వరకు సుమారు నూటికి 75 పాళ్ళు హెచ్చినవి. సంవత్సరపు మొత్తము చూచినచో వాన కురిసినట్లే యుండవచ్చును. కాని నెల దినములలో నెమ్మదిగా కురిసి నేలలోనికి ఇంకవలసినది రెండు దినములలో కురిసి వాగువెంట పోయినచో, ఆ లెక్క కాగితముమీద జమయే గాని రైతుకు జమ కాదు.

ఈ సంగతి పూర్వులకు వేరొక రీతిగా తెలియును. కడపసీమలోని పోరుమామిళ్ళ యందు ఒక చెరువు శాసనము కలదు. విజయనగరపు మొదటి బుక్కరాయల కుమారుడైన భాస్కరుడు అక్కడ అనంతరాజసాగరమను చెరువును త్రవ్వించి, శాలివాహన శకము 1291, అనగా క్రీ.శ. 1369లో ఆ శాసనమును వేయించెను. దినమునకు వేయిమంది కూలీలు రెండేండ్లు పనిచేసిరని అందున్నది. చెరువునకు ఉండవలసిన పండ్రెండు సాధనములను, ఉండకూడని ఆరు దోషములను ఆ శాసనము లెక్కించి చెప్పినది. కట్టనుండి నీరు ఊరుట ఒక దోషము. చవుటినేల ఒక దోషము. రెండు రాజ్యముల పొలిమేరలో ఉండుట ఒక దోషము. గర్భము నడుమ మెరక యుండుట ఒక దోషము. కడపటి రెండును మిక్కిలి ఆలోచింపదగినవి. నీరు తక్కువయై తడుపవలసిన నేల హెచ్చుగా నుండుట ఒకటి; నిలుచు తావు తక్కువయై నీరు హెచ్చుగా నుండుట మరియొకటి.

ఆనాడు ఈ రెండు దోషములలో ఏదో ఒకటి ఏదో ఒక చెరువునకు ఉండెడిది. చోటు ఎరిగి కట్టినచో రెండును తప్పిపోయెడివి. నేటి మార్పువలన ఒక్క చెరువునకే, ఒక్క సంవత్సరములోనే, ఈ రెండును పట్టగలవు. ఆశ్వయుజమున ఒక్క రాత్రి వానకు అలుగు చాలక కట్ట తెగును. ఫాల్గుణమున అదే ఆయకట్టుకు నీరు చాలదు. ఆనాటి చెరువు లక్షణములు రాతిమీద చెక్కి ఆరువందల యేండ్లు నిలుపదగినవి. నేటి నీటి లక్షణము ఏటేట మారుచున్నది గనుక, ఏటేట కొలిచి వ్రాయక విధిలేదు.

ఆ పని పంచాయతియే చేయనేల? పైవారు చేయరాదా? ఈ ప్రశ్నకు రెండు సమాధానములు కలవు. మొదటిది రాజ్యాంగమునకు సంబంధించినది. 73వ రాజ్యాంగ సవరణ 1992లో ఆమోదింపబడి 1993 ఏప్రిల్ 24 నుండి అమలునకు వచ్చెను. దానితో చేరిన పదునొకండవ షెడ్యూలులో పంచాయతులకు అప్పగింపదగిన విషయములు 29 కలవు. చిన్న నీటిపారుదల, నీటి నిర్వహణ, త్రాగునీరు, సామాజిక వనములు, ఉమ్మడి ఆస్తుల సంరక్షణ మొదలగునవి అందులోనివే. కావున ఈ భారము క్రొత్తగా నెత్తిన పెట్టినది కాదు.

రెండవ సమాధానము లౌక్యమునకు సంబంధించినది. జిల్లా కేంద్రమున ఉన్నవారికి మండలమంతటికి ఒక వాన లెక్క తెలియును. తూర్పు పొలమున కురిసి పడమటి పొలమున కురియని వాన సంగతి వారికి తెలియదు. ఏ వీధిబోరు ఏ నెలలో ఎండునో వారికి తెలియదు. అవి ఊరివారికి తెలియును. అయితే తెలిసియుండుట వేరు, వ్రాసియుండుట వేరు. ఒకడు పోయినయేడు కంటె నీరు దిగినదనును, మరియొకడు లేదనును, గొంతు పెద్దదైనవానిదే గెలుపగును.

పూర్వము గ్రామపు అడంగలులో సర్వే నంబరునకు ఎదురుగా విస్తీర్ణము, పంట, నీటి ఆధారము వ్రాయబడెడివి. చెరువు క్రిందిదా, బావి క్రిందిదా యని అందున్నది. ఆ చెరువున, ఆ బావిలో ఆ యేడు ఎంత నీరున్నదో లేదు. భూమి పద్దు వందల యేండ్లు నడచినది గాని నీటి పద్దు నడువలేదు. శిస్తు భూమిని బట్టి వచ్చుటయే దానికి కారణము కావచ్చును.

వ్రాత లేకున్నను పంపకము మాత్రము ఉండెడిది. చెరువునకు నీరుగంటి యుండెడివాడు. ఏ మడికి ఎంతసేపో అతడే చూచెడివాడు. చెరువు సగమే నిండిన యేట కొన్ని సీమలలో దామాషా పద్ధతి యుండెడిది. ఉన్న నీటికి తగినంత నేలనే తూముదగ్గర ఎన్నుకొని, ఎవరి హక్కునుబట్టి వారు అందులో పాలుపంచుకొని పండించుకొనెడివారు. నీటి ముందు అందరిదియు ఒక్కటే కష్టము. కరెంటు మోటారు వచ్చి, నీరు చెరువునుండి భూగర్భమునకు మారిన పిమ్మట దామాషాయు పోయినది, నీరుగంటియు పోయినాడు. చెరువులో నీరు అందరికి కనబడును. భూమిలో నీరు ఎవరికిని కనబడదు. కనబడని దానికొరకు పోటీయే గాని పంపకము సాగదు.

ఇపుడు కనబడని నీటిని కనబడునట్లు చేసికొనిన రెండు దృష్టాంతములు చెప్పవలసియున్నది. ఒకటి మహారాష్ట్రమునది, మరియొకటి తెలుగునాటిది.

పూర్వము అహ్మద్‌నగర్ అని పిలువబడి ఇపుడు అహిల్యానగర్ అనబడు జిల్లాలో హివ్రేబజార్ అను గ్రామము కలదు. అది పడమటి కనుమల వాననీడలోని ఊరు. అక్కడి సగటు వాన 400 మిల్లీమీటర్లకు ఇంచుమించు. 1972 నాటి కరువు తరువాత ఊరు చితికిపోయినది. కొండలమీది చెట్లు వంటచెరకైనవి, బావులు ఎండినవి, సారాయి ప్రబలినది, శక్తిగలవారు పనులకై పట్టణములకు పోయిరి. 1989లో ఆ గ్రామస్థులు పోపట్‌రావ్ పవార్ అను చదువుకొనిన యువకుని సర్పంచిగా ఎన్నుకొనిరి.

తరువాత రాష్ట్ర ప్రభుత్వపు ఆదర్శగ్రామ పథకమున ఆ ఊరు చేరినది. ఆ పథకమునకు కొన్ని నియమములు కలవు: చెట్లు నరుకరాదు, పశువులను విచ్చలవిడిగా మేపరాదు, మద్యము కూడదు, కుటుంబము మితముగా నుండవలెను, ప్రతియింటివారును శ్రమదానము చేయవలెను. కొండవాలున కందకములు త్రవ్విరి, ఇంకుడు చెరువులు కట్టిరి, చెట్లు నాటిరి. ఈ పనులు ఇంకను అనేక గ్రామములలో జరిగినవి. వానితోడనే అంతయు చక్కబడిన ఊళ్ళు అరుదు. నీరు పెరిగినకొలది బోర్లును పెరిగి, చెరకును పెరిగి, పదేండ్లలో మరల మొదటికి వచ్చిన ఊళ్ళు పెక్కు.

హివ్రేబజార్‌నందలి విశేషము నీరు పెరిగిన పిమ్మట వారు చేసిన కట్టుబాటు. సేద్యమునకు బోరుబావి త్రవ్వరాదని నిర్ణయించుకొనిరి, బోరు త్రాగునీటికే. చెరకు, అరటి వంటి నీటిదాహపు పంటలు వేయరాదని నిర్ణయించుకొనిరి. 2004 నుండి భూగర్భజల శాఖ సహాయముతో ఏటేట నీటి లెక్క తీయుచు వచ్చిరి. వాన ఎంత కురిసినది, బావులలో మట్టము ఎంత యున్నది, మొత్తము ఎంత దొరకగలదు అని లెక్కించి గ్రామసభలో చదువుదురు. మొదట మనుష్యులకును పశువులకును త్రాగునీరు తీసియుంచుదురు. మిగిలినదానిని బట్టి రబీలో ఏ పంట ఎంత వేయవలెనో నిర్ణయింతురు. వాన తక్కువైన యేట రెండవ పంట తగ్గించుకొందురు. 2012-13లో మహారాష్ట్రమున తీవ్రమైన కరువు వచ్చి ఊరూరికి నీటి ట్యాంకర్లు తిరుగుచుండగా ఆ ఊరికి ట్యాంకరు రానక్కరలేకపోయినది. వలసపోయిన కుటుంబములు పెక్కు తిరిగివచ్చినవి. పవార్ గారికి 2020లో పద్మశ్రీ ప్రకటింపబడినది.

ఈ కథ వినినవారు వెంటనే ఒక మాట అందురు: "అట్టి సర్పంచి దొరికినచో ఎచ్చటనైనను జరుగును, దొరకని ఊరి గతి యేమి?" న్యాయమైన ప్రశ్నయే. దానికి రెండవ దృష్టాంతము కొంత సమాధానము చెప్పును.

2003 నుండి 2009 వరకు ఉమ్మడి ఆంధ్రప్రదేశమున రైతులే భూగర్భజలమును నిర్వహించుకొను పథకమొకటి నడచినది. నెదర్లాండ్సు దేశపు ధనసహాయముతో, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ఆధ్వర్యమున, స్వచ్ఛంద సంస్థల చేతులమీదుగా అది సాగినది. అనంతపురము, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశము, మహబూబ్‌నగర్, నల్లగొండ - ఈ ఏడు కరువు జిల్లాలలోని ఆరువందలకు పైగా పల్లెలు అందులో చేరినవి.

ఈ పథకమున కట్టుబాటు లేదు, నిషేధము లేదు, కందకములకు డబ్బును పెద్దగా లేదు. ఉన్నదెల్ల కొలత, వ్రాత, చదువు. ఊరిలో వాన కొలుచు పాత్ర నుంచిరి. ఎంపిక చేసిన బోర్లలోనికి తీగ దించి నీటిమట్టము చూచుట రైతులకు నేర్పిరి. ఆ రైతులలో స్త్రీలును ఉండిరి. పదునైదు దినముల కొకసారి కొలిచి పుస్తకమున వ్రాసిరి. అందరును చూచునట్లు ఊరి నడుమ గోడమీదను వ్రాసిరి. ఒక వాగునకు నీరు చేరు పల్లెలన్నిటిని ఒక జట్టుగా కూర్చిరి. ఏలయన నీటికి వాగుగట్టే పొలిమేర గాని రెవెన్యూ పొలిమేర కాదు. వానలు వెనుకపట్టిన పిమ్మట, రబీ విత్తుటకు ముందు, జట్టు పల్లెలవారు కూడి లెక్క వేసిరి: ఈ యేడు భూమిలో చేరిన నీరింత, వేయదలచిన పంటలకు కావలసినది ఇంత, తరుగు ఇంత. అంతటితో సభ ముగిసెడిది. నీవు వరి మానుమని ఎవరును ఎవరికిని చెప్పలేదు.

ఫలమేమి? 2010లో ప్రపంచ బ్యాంకు ప్రచురించిన పరిశీలన ప్రకారము, ఆ వాగు జట్టులలో నూటికి 42 జట్లు మూడేండ్లును వరుసగా రబీలో నీటి వాడుక తగ్గించుకొన్నవి. 51 జట్లు ఒకయేడు తగ్గించి, ఒకయేడు తగ్గింపకుండినవి. హెచ్చించినవి 7 మాత్రమే. ఊరికి మేలగునని తలచి తగ్గించినవారు కొందరు. తన బోరే ఎండునని భయపడి తగ్గించినవారు పెక్కుమంది. భయమైనను మంచిదే, లెక్క చూచి పుట్టిన భయము వివేకమే గదా! వరి తగ్గి ఆరుతడి పంటలు పెరిగినవి.

అట్లని ఈ పథకమునకు లోపము లేదనరాదు. పైనుండి వచ్చిన ధనమునకు గడువున్నది. గడువు తీరిన పిమ్మట తీగను ఎవరు దించవలెను? గోడమీద ఎవరు వ్రాయవలెను? ఉత్సాహము గలవారున్నచోట వ్రాత నడచును. లేనిచోట సున్నము క్రింద పాత అంకెలు మాసిపోవును. హివ్రేబజార్‌న పెద్దమనిషి పోయినచో ఏమగునన్నది ప్రశ్న. ఇక్కడ పథకము పోయినచో ఏమగునన్నది ప్రశ్న. రెండు ప్రశ్నలకును సమాధానము ఒక్కటియే - పంచాయతి. సర్పంచులు మారుదురు, సభ్యులు మారుదురు, పథకములు వచ్చిపోవును, పంచాయతి నిలుచును. నీటి పద్దు దాని దప్తరములో ఒకటిగా చేరినపుడే అది వ్యక్తులను దాటి నిలుచును.

పద్దు ఎట్లుండునో ఒక ఊహాగ్రామమును తీసికొని చూడవచ్చును. ఇందలి అంకెలు మచ్చుకు వేసికొన్నవి. ఆ ఊరి విస్తీర్ణము 2,000 ఎకరములు, జనము 2,500, పశువులు 500, ఆ యేటి వాన 500 మిల్లీమీటర్లు. ఒక ఎకరముపై ఒక మిల్లీమీటరు వాన పడినచో 4,047 లీటర్లు. ఆ ప్రకారము ఊరిమీద పడిన వాన సుమారు 405 కోట్ల లీటర్లు. వినుటకు సముద్రమువలె నున్నది. కాని అందులో అధికభాగము ఆవిరియై పోవును, కొంత పైరు త్రాగును, కొంత వాగున పోవును. రాతినేలలలో భూగర్భమునకు చేరునది నూటికి పది పాళ్ళనుకొన్నచో జమ 40 కోట్ల 50 లక్షలు.

ఇక ఖర్చు. మనిషికి దినమునకు 55 లీటర్ల వంతున సంవత్సరమునకు 5 కోట్ల 2 లక్షలు. పశువునకు 50 లీటర్ల వంతున 91 లక్షలు. ఇవి తీసివేయగా సేద్యమునకు మిగులునది సుమారు 34 కోట్ల 50 లక్షలు. రబీ వరికి ఎకరమునకు 1,200 మిల్లీమీటర్ల నీరు కావలెననుకొన్నచో ఆ నిలువ 71 ఎకరములకు సరిపోవును. 400 మిల్లీమీటర్లతో పండు ఆరుతడి పంటయైనచో 213 ఎకరములకు వచ్చును. ఆ ఊరివారు ఈ లెక్క వేయక 150 ఎకరములు వరి నాటిరనుకొందము. ఖర్చు 72 కోట్ల 80 లక్షలు. ఉన్నది 34 కోట్ల 50 లక్షలు. వరిమడిలో పెట్టిన నీటిలో కొంత మరల ఇంకుననుట నిజమే. అయినను ఇంత తరుగు పూడదు.

ఆ తరుగు 38 కోట్ల లీటర్ల అప్పు. షావుకారు అప్పునకు నోటు ఉండును, వ్రాసిన వాని పేరు ఉండును. ఈ అప్పునకు నోటు లేదు. చేసినవాడు ఒకడు, తీర్చువాడు మరియొకడు. మొదట ఎండునది లోతు తక్కువైన బావి, అది చిన్నరైతుది. తరువాత ఎండునది వీధిబోరు. దానిమీద ఆధారపడినవారు భూమిలేని కూలీలు. వరి నాటినవాడు మరి రెండువందల అడుగులు లోతునకు దించగలడు. వారు బిందె తీసికొని మరి రెండు మైళ్ళు నడువగలరు. ఏ ఎకరమునందును పాలు లేనివారే ఆ యెకరముల అప్పు తీర్చవలసివచ్చుచున్నది. గ్రామసభలో పద్దు బిగ్గరగా చదువవలెననుటకు ఇదియే ముఖ్యకారణము. భూమిలేని స్త్రీ కూడ ఆ సభలో సభ్యురాలే. త్రాగునీటి వరుస మొట్టమొదట చదువబడునపుడు ఆమె చెవిని పడవలెను.

ఇందుకు ఆక్షేపణలు వచ్చును. "నా పొలములో నా బోరు, అడుగుటకు పంచాయతి ఎవరు?" అని ఒకరందురు. పొలమునకు సరిహద్దు రాళ్ళున్నవి. భూమిలోని నీటికి రాళ్ళు లేవు. ఒకరి మోటారు లాగునది ప్రక్కవాని పొలము క్రింది నీటిని గూడ. అందుచేతనే 2002లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ నీరు, భూమి, చెట్ల పరిరక్షణకై చట్టము చేసినది. అయితే చట్టముతో బెదరించి ఆరంభించిన చోట తలుపు వెనుక బోరు పడును. లెక్కతో ఆరంభించి, ఆ లెక్కను అందరును నమ్మిన పిమ్మట కట్టుబాటునకు వచ్చుట క్షేమము. పై రెండు దృష్టాంతములను కలిపి చూచినచో తేలునది యిదియే: లెక్క లేని కట్టుబాటు పగను పెంచును; కట్టుబాటు లేని లెక్క గోడమీద మాసిపోవును.

"కొలిచినంత మాత్రాన వాన వచ్చునా?" అని మరియొకరందురు. రాదు. ఇంటి ఖర్చు వ్రాసినంత మాత్రాన ఆదాయము పెరుగదు; అప్పు పాలు కాకుండ నిలువవచ్చును. వాతావరణమును చెరచినది ఈ పల్లెలు కావు. దానిని బాగుచేయు శక్తియు ఒక్క పల్లెకు లేదు. ఆ బాధ్యత హెచ్చుగా కాల్చిన దేశములది, హెచ్చుగా కాల్చుచున్న పట్టణములది. ఆ సంగతి గట్టిగా అడుగవలసినదే. కాని వారు తీర్చువరకు ఈ వేసవి ఆగదు.

నీటికి చెప్పిన మాట ఎండకును కొంత వర్తించును. 2015 మే నెలలో తెలుగునాట వడగాలికి వేయిమందికి పైగా చనిపోయిరి. అహమ్మదాబాదు నగరమున 2010 మేలో అట్టి యుపద్రవమే కలుగగా, అక్కడి నగరపాలక సంస్థ 2013లో ఒక ప్రణాళిక అమలుపరచినది: ముందు హెచ్చరిక, చలివేంద్రములు, వైద్య సిబ్బందికి శిక్షణ. దేశమున నగరములకు అదియే మొదటిది. పల్లెకు అంత పరికరము అక్కరలేదు. ఒంటరిగా నున్న ముసలివారు ఎవరు, రేకుల కప్పు క్రింద నున్నవారు ఎవరు, నడియెండలో పనిచేయువారు ఎవరు - ఈ పట్టిక ఒకటి చైత్రమునకు ముందే వ్రాసియుంచి, వడగాలి దినములలో ఎవరు ఎవరి తలుపు తట్టవలెనో పేర్లు వ్రాసియుంచినచో చాలును. ఇదియు పద్దే.

ఇక చేయదగిన పని సంగ్రహముగా చెప్పవలసియున్నది. ఊరికి ఒకటియో రెండో వాన కొలుచు పాత్రలు. నాలుగు దిక్కుల నాలుగు బావులనో బోర్లనో గురుతుగా పెట్టుకొనుట. పదునైదు దినముల కొకసారి మట్టము వ్రాయుట. తొలకరికి ముందు చెరువు అలుగు, తూము, కట్ట, పంటకాలువ నడచి చూచుట. రబీకి ముందు గ్రామసభలో పద్దు చదువుట. దీనికి కావలసిన ధనము స్వల్పము. కావలసినది విడువక వ్రాయు చేయి, దాచక చదువు నోరు. చెరువు పూడిక తీయుట, కందకములు త్రవ్వుట వంటి పెద్దపనులకు పైనుండి ధనము వచ్చినపుడు, ఎక్కడ చేయవలెనో ఈ పద్దే చూపును. లేనిచో గుత్తదారునకు అనువైనచోట పని జరుగును. నీటికి అనువైనచోట జరుగదు.

ఆ పుస్తకమునకు ప్రతి ఒకటి ఈ గ్రంథాలయమున ఉండుట మేలు. కార్యాలయపు బీరువాకు తాళము పడును. గ్రంథాలయమునకు తలుపు తెరచియుండును. బడిపిల్లలు వాన కొలిచి వ్రాయుట నేర్చుకొందురు. పాత యేండ్ల అంకెలు చూచి పెద్దలు తగవు తీర్చుకొందురు. ఇరువదియైదేండ్లుగా ఇక్కడ ఊరివారు పురాణములు చదివిరి, పత్రికలు చదివిరి, దేశదేశముల సంగతులు చదివిరి. తమ ఊరి సంగతి తామే వ్రాసి తామే చదువుకొను గ్రంథము ఒకటి ఇంకను అరలో చేరవలసియున్నది.

మరల ఇరువదియైదేండ్లకు ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవము జరుపుకొనును. ఆనాడు సభకు వచ్చు బాలురు నేడింకను పుట్టలేదు. వారికి ఈ తరమువారు వదలిపోవునది ఎంత నీరో ఇపుడే చెప్పుట కష్టము. కాని ఎంత కురిసెను, ఎంత వాడిరి, ఎంత మిగిల్చిరి అను పద్దు వదలిపోవుట మాత్రము చేతిలోని పని. నారదుని ప్రశ్నకు ఆ పుస్తకము తెరచి సమాధానము చెప్పగల పంచాయతి ఈ గ్రామమునకు కలుగుగాక!

స్వస్తి.